పిల్లల కాళ్లతో మద్రాసు

సెలవులు దగ్గరపడితే కొత్తపట్నం ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "ఈసారన్నా పిల్లోళ్లకి మద్రాసు చూపియ్యాల." చదువులూ ఉద్యోగాలూ హైదరాబాదు, బెంగళూరు వైపు తిరిగాక కూడా మన ప్రకాశం తీరానికి మొదటి మహానగరం చెన్నపట్నమే. ఒంగోలులో పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి సెంట్రల్లో దిగొచ్చు. దూరం మూడు వందల కిలోమీటర్ల లోపే. తాతలు కోర్టు పనికో, మేనత్తలు పెళ్లి చీరలకో, ఎవరో ఒకరు పెద్దాసుపత్రికో వెళ్లొచ్చిన ఊరది. దాని గురించి ఇంట్లో అందరికీ ఎంతో కొంత తెలుసు. చిక్కు అక్కడే మొదలవుతుంది. పెద్దలు మనసులో పెట్టుకున్న మద్రాసు వేరు, పిల్లలకు అందే మద్రాసు వేరు.

మామూలుగా ఏం జరుగుతుంది? రెండు రోజులకు కారు మాట్లాడుకుంటారు. డ్రైవరు దగ్గర ఒక వరస సిద్ధంగా ఉంటుంది. బీచి, గుడి, జూ, మాల్, మహాబలిపురం, మళ్లీ గుడి. ఒక్కోచోట ముప్పావుగంట. ఫొటోలు బోలెడు. ఇంటికొచ్చాక ఏడేళ్ల పిల్లని "ఏం చూశావమ్మా?" అని నాయనమ్మ అడిగితే "కార్లో వాంతయింది" అంటుంది. ఆ రెండు రోజుల్లో ఆ పిల్లకి బాగా తెలిసొచ్చింది అదే మరి.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త ఊళ్లో పిల్లల కంటికి ఆనేది అప్పటికే వాళ్లకు సగం తెలిసిన వస్తువు. మిగతా సగం ఏమిటో తెలుసుకోవాలని వాళ్లే ముందుకు పరుగెడతారు. బొత్తిగా తెలియనివి వంద చూపించినా, అన్నీ కలిసి ఒక రద్దీగా మాత్రమే మిగులుతాయి. అందుకని పిల్లలతో మహానగరానికి వెళ్లేటప్పుడు మన ఊళ్లో మొదలై ఆ నగరంలో తేలేవి ఏమున్నాయో వెతుక్కోవాలి. కొత్తపట్నం పిల్లలకు మద్రాసులో అట్లాంటివి చాలా ఉన్నాయి. పూటకు ఒకటి చాలు. రోజుకు రెండు పూటలు, మధ్యలో నిద్ర.

ఎప్పుడు వెళ్లాలి

ఇది అన్ని ఇళ్లకూ ఒకటి కాదు. పల్లెపాలెం వైపు వేట మీద బతికే కుటుంబాలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. బడి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే. తీరిక ఉంటుంది గానీ చేతిలో డబ్బు ఆడదు. పైగా మే నెలలో చెన్నై ఎండ మన రోహిణి కార్తెకు ఏమాత్రం తీసిపోదు. చిలకలూరిపేట, పర్చూరు వైపు మిరప, పత్తి వేసే మన చుట్టాలకు ఇబ్బంది ఇంకో రకం. సంక్రాంతి సెలవులకు పత్తి తీతలు పూర్తికావు, మిరప కోతలు మొదలవుతుంటాయి. వాళ్లకి సరుకు యార్డుకు చేరి, లెక్క తేలి, వేసవి నడుస్తుండగా గాని ఊపిరాడదు.

వాతావరణం ఒక్కటే చూస్తే జనవరి అన్నిటికన్నా మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు ఒక పూట గదిలోనే గడిచిపోతుందని ముందే అనుకుని, చదరంగం పలకో పేకల కట్టో పెట్టుకెళ్లడం మంచిది. జనవరిలో ఒక జాగ్రత్త ఉంది. పండగకి ముందు రోజుల్లో మద్రాసు తెలుగువాళ్లంతా ఊళ్లకు వస్తుంటారు. మనం అటు వెళ్లే రైల్లో చోటు దొరుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడే దొరకదు. అందుకని ముందు తిరుగు టికెట్టు తీసుకుని, తరవాత వెళ్లే టికెట్టు చూడండి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. పండగ మూడో నాలుగో రోజున తమిళులు కాణుం పొంగల్ జరుపుకుంటారు. ఆ రోజు మెరీనాలో, వండలూరు జూలో ఇసకేస్తే రాలనంత జనం. చిన్నపిల్లలతో ఆ రోజు అటు పోనేకూడదు.

టికెట్ల విషయం క్లుప్తంగా. అయిదేళ్ల లోపు పిల్లలకు, విడిగా చోటు అడగకపోతే, రైలు టికెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి ఛార్జీయే. ఆ డబ్బు మిగుల్చుకోవాలని ఆరేళ్ల పిల్లాణ్ని అయిదు గంటలు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, దిగేసరికి తల్లి నడుమూ పోతుంది, పిల్లాడి నిద్రా పోతుంది. మొదటి సాయంత్రం అక్కడే చెడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే కారు మానేయండి, సీటు మానేయకండి.

వారపు సెలవులు ఒక కాగితం మీద రాసుకోండి. ఎగ్మూరు మ్యూజియం శుక్రవారం ఉండదు. వండలూరు జూ, గిండీ పిల్లల పార్కు, పాముల పార్కు మంగళవారం ఉండవు. మెరీనా లైట్‌హౌస్ సోమవారం ఎక్కనివ్వరు. గేటు దాకా నడిపించి వెనక్కి తిప్పితే పెద్దవాళ్లం సర్దుకుంటాం. పిల్లలు అంత తేలిగ్గా సర్దుకోలేరు.

ముందు మన కాలువ దగ్గరకు వెళ్లండి

ప్రయాణానికి ఒక వారం ముందు, ఆదివారం సాయంత్రం, పిల్లల్ని బకింగ్‌హాం కాలువ గట్టుకు తీసుకెళ్లండి. మన మండలం మీదుగా సముద్రానికి సమాంతరంగా పోతుందే, అదే. మనం రోజూ దాటుతూ ఒక్కసారి కూడా ఆగి చూడని కాలువ. "ఈ నీళ్లెంబడి పడవేసుకుని దక్షిణంగా పోతే యాడికి పోతాం?" అని అడగండి. నెల్లూరు అనొచ్చు, సముద్రం అనొచ్చు. ఎవరో ఒకరు మద్రాసు అనేదాకా ఆగండి.

ఈ కాలువ కథ 1806లో మద్రాసు ఉత్తరాన మొదలైంది. బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు తవ్వించిన ఉప్పునీటి కాలువను తరవాత అంచెలంచెలుగా ఉత్తరానికి, దక్షిణానికి పొడిగించారు. 1877–78 ధాత కరువులో జనానికి కూలి చూపించడానికి మద్రాసు నగరం మధ్యలో కూవం, అడయారు నదులను కలుపుతూ ఇంకో ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే కాలువకు పెట్టారు. ఆంధ్ర తీరం నుంచి బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల మీద మద్రాసు చేరేవి. ఆ నగరంలో పొయ్యిలు మన తీరపు కట్టెలతో వెలిగిన రోజులున్నాయన్న మాట. ఈ సంగతి పిల్లలకు చెప్పి ఊరుకోండి. పాఠం చెయ్యకండి.

ఇక మద్రాసు వెళ్లాక, చెన్నై బీచ్ స్టేషను నుంచి వేళచ్చేరి పోయే ఎత్తు రైలు ఎక్కండి. 1995లో మొదలైన ఈ లైను చాలా దూరం ఇదే కాలువ వెంట, కొన్నిచోట్ల కాలువలోనే దిగిన స్తంభాల మీద, నడుస్తుంది. తిరువల్లిక్కేణి దాటాక కిటికీలోంచి కిందికి చూడమనండి. నల్లటి నీళ్లు, చెత్త, రెండు వైపులా గోడలు. "ఇదేరా మన కాలువ" అని చెప్పినప్పుడు పదేళ్ల పిల్లాడి ముఖం చూడాలి. ముందు నమ్మడు. తరవాత కోపం వస్తుంది. ఎందుకిట్లా చేశారని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండకపోయినా ఫర్వాలేదు. ఆ రైలుకయ్యే కొద్ది రూపాయలకు ఇంతకన్నా విలువైనది ఆ నగరంలో ఏదీ దొరకదని నా నమ్మకం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో ఆ అల ఉరవడిని ఈ కాలువ కొంతమేర తగ్గించిందని నిపుణులు రాశారు. ఆ పొద్దు సముద్రాన్ని చూసినవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. తిరిగొచ్చాక పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి, మిగతాది వాళ్లే చెప్తారు.

సముద్రం పక్కనుంచి వెళ్లేవాళ్లకి మెరీనా ఎందుకు

గైడు పుస్తకాలన్నీ మెరీనాతో మొదలవుతాయి. అవి సముద్రం లేని ఊళ్లవాళ్ల కోసం రాసినవి. మన పిల్లలకు సముద్రం కొత్త కాదు. కెరటంలోకి పరుగెత్తడం అలవాటైన పిల్లలకు అక్కడే అసలు ప్రమాదం కూడా. మెరీనాలో ఈతకు అనుమతి లేదు. కాళ్ల కింద ఇసుకను లాగేసే ప్రవాహాలు ఉంటాయి. "మాకు అలవాటేలే" అనే మాటను అక్కడ ససేమిరా సాగనివ్వకండి. మన తీరం లోతుపాతులు మన పిల్లలకు తెలుసు, ఆ తీరానివి తెలియవు.

అయినా మెరీనాకు వెళ్లాలి. చూడాల్సింది ఇసుక. రోడ్డు దగ్గర దిగి నీళ్ల దాకా ఎన్ని అడుగులో పిల్లల్ని లెక్కపెట్టమనండి. అంత వెడల్పు ఇసుక ఎక్కణ్నుంచి వచ్చింది? 1870ల్లో మద్రాసు రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టడం మొదలుపెట్టారు. మన తూర్పు తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. ఆ గోడ అడ్డం పడింది. ఇసుకంతా దానికి దక్షిణాన మేట వేసి ఈ బీచి తయారైంది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ దాని ఒడ్డున నడకదారి వేయించి మెరీనా అని పేరుపెట్టాడు. అదే గోడకు ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఊరిని కోస్తూ వచ్చింది. ఒకచోట గోడ కడితే ఇంకోచోట ఒడ్డు పోతుందన్న సంగతి వేట కుటుంబంలో పుట్టిన పిల్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంజనీరింగు చదివిన బాబాయికి అంత తొందరగా అర్థం కాకపోవచ్చు.

ఆ తరవాత లైట్‌హౌస్. 1977లో కట్టింది. లిఫ్టు ఉంది కాబట్టి నాయనమ్మ కూడా పైకి వెళ్లొచ్చు. మద్రాసు దీపం చాలా ఇళ్లు మారింది. మొదట కోటలో, 1844 నుంచి ఒక రాతి స్తంభం మీద, 1890ల నుంచి హైకోర్టు గుమ్మటం మీద, ఇప్పుడు ఇక్కడ. కోర్టు నెత్తిన దీపం పెట్టుకుని ఓడలకు దారి చూపించిందంటే పిల్లలకు భలే నచ్చుతుంది. వాడరేవు, రామాయపట్నం దీపాలు చూసిన పిల్లలైతే పైకెక్కి ఉత్తరం వైపు చూసి మన ఊరు కనపడుతుందా అని అడగక మానరు. కనపడదు. ఎందుకు కనపడదో మాట్లాడుకోవడానికి భూమి గుండ్రమన్న పాఠం అక్కడే ఉంది.

ఓపిక ఉన్నవాళ్లు ఒక తెల్లవారుజామున కాశిమేడు రేవుకు వెళ్లొచ్చు. వేలం పాటలు, ఐసు గడ్డలు, వరసగా నిలబడ్డ మరపడవలు. మన ఫైబరు బోట్లకూ వాటికీ తేడా నాన్న చెప్తుంటే పిల్లలు వినే తీరే వేరు. మద్రాసులో చాలాచోట్ల తండ్రి కూడా దారి తెలియనివాడే. కాశిమేడులో మాత్రం చేప పేరు, వల రకం, ధర ఎంత పలకాలో అన్నీ తెలిసినవాడు. పిల్లలు మహానగరంలో తమ తండ్రిని అట్లా చూడటం చాలా అవసరం. వేట నిషేధం రోజుల్లో పెద్ద పడవలు కట్టేసి ఉంటాయి, అప్పుడు వెళ్లినా పెద్దగా ప్రయోజనం లేదు.

ఎగ్మూరులో మన రాళ్లు

ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. పాంథియన్ రోడ్డులో పెద్ద ఆవరణ, చాలా భవనాలు. అంతా చూడాలనుకుంటే పిల్లలు గంటలో నేల మీద కూర్చుంటారు. అందుకని అక్కడ రెండే రెండు చూడమంటాను.

మొదటిది తిమింగలం అస్థిపంజరం. దాని కింద నిలబడితే చాలు, మాట్లాడాల్సిన పని లేదు.

రెండోది అమరావతి శిల్పాలు. ఇవి మనవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా కూడా గుంటూరు జిల్లాలోదే, అమరావతీ అదే జిల్లా. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టించుకుంటుండగా దిబ్బలోంచి చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. వాటిలో కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి. కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్లను మద్రాసుకు చేర్పించాడు. వాటిలో ఒక భాగం ఓడెక్కి లండన్ వెళ్లి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మిగిలినవాటిలో చాలా భాగం ఎగ్మూరులో ఉంది.

ఇంత చరిత్ర పిల్లలకు ఒకేసారి చెప్పనక్కర్లేదు. ఒక గుండ్రటి ఫలకం వెతకమనండి, దానిలో ఏనుగు ఉంటుందని చెప్పి వదిలేయండి. నలగిరి కథ అది. బుద్ధుణ్ని చంపించాలని దేవదత్తుడు రాజగృహం వీధుల్లోకి మదపుటేనుగును తోలిస్తాడు. ఫలకంలో ఒక వైపు ఏనుగు తొండంతో మనిషిని పట్టి తొక్కుతుంటుంది, జనం బెదిరి చెల్లాచెదురవుతుంటారు, మేడల మీదినుంచి చూసేవాళ్లు చూస్తుంటారు. ఇంకో వైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. "ఏనుగులు రెండా, ఒకటేనా?" అని అడగండి. అన్నదమ్ములిద్దరూ ఆ ప్రశ్న మీద పావుగంట పోట్లాడుకోగలరు. ఒకే బొమ్మలో ముందు జరిగిందీ తరవాత జరిగిందీ రెండూ చెక్కాడని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటే, ఆ శిల్పిని ఇక మరిచిపోరు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున పల్నాటి సున్నపురాయి మీద ఉలి పట్టిన మనవాడు ఎనిమిదేళ్ల పిల్లకు కథ చెప్పగలుగుతున్నాడు. నాకు ఆ గదిలో నిలబడినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

గదులు మరమ్మతుల్లో మూసి ఉండొచ్చు కాబట్టి టికెట్టు తీసుకునేటప్పుడే అమరావతి గది తెరిచి ఉందా అని అడగండి. పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. ఏనుగును గీసినవాళ్లు ఏనుగును చూసినట్టు. ఫోను మాత్రం మీ దగ్గరే ఉంచండి.

జంతువుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మద్రాసు జూ 1855లో ఈ మ్యూజియం ఆవరణలోనే పుట్టింది. మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ మొదలుపెట్టాడు. 1985లో వండలూరు అడవికి మార్చారు. వండలూరు పెద్దది, దూరం, ఒక రోజంతా తీసుకుంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలుంటే దానికన్నా నగరం మధ్యలోని గిండీ మేలు. పిల్లల పార్కు, పక్కనే పాముల పార్కు, జింకలు, చెట్ల నీడ. రెండు గంటల్లో తేలిగ్గా అయిపోతుంది.

మొదటి సాయంత్రం ఏమీ చూడొద్దు

రైలు దిగి, గదికి చేరి, స్నానాలు చేసి, పడుకుని లేచాక నాలుగున్నర అవుతుంది. ఆ సాయంత్రం మెట్రో ఒక్కటే పెట్టుకోండి. 2015లో మొదలైంది. సెంట్రల్ కిందే స్టేషను. విమానాశ్రయం వైపు పోయే రైలెక్కండి. సైదాపేట దాకా భూమి లోపల పోయి, ఆ తరవాత ఒక్కసారిగా వెలుతురులోకి, ఆపైన ఇళ్ల కప్పుల ఎత్తుకు ఎక్కుతుంది. చివరి స్టేషన్ల దగ్గర విమానాలు దిగుతూ కనపడతాయి. అక్కడ దిగి, కాసేపు చూసి, మళ్లీ వెనక్కి రండి. కదిలే మెట్లు, వాటంతట అవే తెరుచుకునే తలుపులు, చేతికిచ్చిన టికెట్టు చూపిస్తే దారిచ్చే గేటు. ఊరి పిల్లలకు ఇదే పెద్ద వింత. వాళ్లు కదిలే మెట్లు మళ్లీ మళ్లీ ఎక్కుతామంటే ఎక్కనివ్వండి. చీర కుచ్చెళ్లు, లుంగీ అంచులు, హవాయి చెప్పుల కొనలు మెట్ల సందుల్లో పడకుండా చూసుకోవాలి.

ఆ ప్రయాణంలోనే తప్పిపోతే ఏం చెయ్యాలో నేర్పండి. భయపెట్టకుండా, ఆటలాగా. మొదటి మాట: అమ్మ కనపడకపోతే ఉన్నచోటనే నిలబడు, వెతకడం మా పని. రెండోది: పిల్లలను వెంటబెట్టుకున్న ఏ అమ్మనైనా, లేదా యూనిఫాం వేసుకున్నవాళ్లనైనా అడుగు. చెన్నైలో తెలుగు తెలిసినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. లాడ్జి పేరు, వీధి, మీ ఇద్దరి ఫోన్లు రాసిన కాగితం పిల్లల జేబులో రోజూ ఉండాలి. అదే నంబరు ముంజేతి మీద పెన్నుతో రాయండి. పొద్దున గది దాటే ముందు పిల్లలందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీయండి, ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నారో పోలీసులకు చూపించడానికి. 112, పిల్లల సహాయానికి 1098, రైల్లో అయితే 139 ఫోనులో ముందే పెట్టుకోండి.

టీనగర్ విషయంలో ఒప్పందం

మన ఇళ్లలో మద్రాసు ప్రయాణం వెనక తరచూ ఒక పెళ్లో, ఓణీల వేడుకో ఉంటుంది. చీరల కొట్లో నాలుగు గంటలు పిల్లల్ని కూర్చోబెడితే వాళ్లు పడే బాధ మనకు తెలియదు. రంగనాథన్ వీధి ఇరుకులో సాయంత్రం పూట చంటిపిల్లలతో నడవడం ప్రమాదం కూడా. కాబట్టి బయలుదేరే ముందే భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. ఒక పొద్దున, పని రోజున, కొట్టు తెరిచీ తెరవగానే ఒకళ్లు, తోడుకు వదినో పిన్నో, చీరలకు వెళ్తారు. ఇంకొకళ్లు పిల్లలతో వేరే చోటికి వెళ్తారు. చీరలకు వెళ్లేది ఎప్పుడూ అమ్మే, పిల్లల్ని పట్టుకునేది ఎప్పుడూ అమ్మే అయితే అది ఆమెకు సెలవు కాదు.

ఎదురుచూడక తప్పకపోతే పానగల్ పార్కులో కూర్చోండి. మద్రాసు ప్రెసిడెన్సీని 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా నడిపిన పానగల్ రాజా, పానగంటి రామారాయణింగారు, తెలుగువాడు. టీనగర్ పేరులోని పిట్టి త్యాగరాయ చెట్టీ కూడా తెలుగువాడే.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మన పిల్లలు కారం తినగలరు, అక్కడి సాంబారు తీపనిపించి రెండో రోజు కంచం తోసేస్తారు. కారప్పొడి, గోంగూర పచ్చడి, ఒక చిన్న నెయ్యి సీసా సంచిలో ఉంటే ఇడ్లీతో, పెరుగన్నంతో నాలుగు రోజులూ గడుస్తాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గదిలో ఉండండి. గదికి పెట్టే డబ్బులో పొదుపు చెయ్యాలనిపిస్తే, నిద్రపోయే ఆ నాలుగు గంటలను గుర్తుచేసుకోండి. ఎగ్మూరు, పెరియమేట, తిరువల్లిక్కేణి చుట్టుపక్కల దిగితే ఈ అధ్యాయంలో చెప్పిన చాలా చోట్లకు ఆటోలోనో రైల్లోనో తొందరగా చేరొచ్చు.

పన్నెండు దాటినవాళ్లు

వీళ్లకు ఏనుగు ఫలకం చాలదు, జింకలు అక్కర్లేదు. మూతి ముడుచుకుని ఫోను చూస్తుంటారు. వీళ్ల చేతికి ఒక రోజును ఇచ్చేయండి. దారి వాళ్లు చూడాలి, టికెట్లు వాళ్లు కొనాలి, ఆ రోజు ఖర్చు డబ్బు వాళ్ల దగ్గరే ఉండాలి, సాయంత్రం లెక్క చెప్పాలి. మీరు వెనక నడవండి. వేరే దారిలోకి తిప్పినా వెంటనే నోరెత్తకండి, ఒక స్టేషను ముందుకు పోయి వెనక్కి రావడంలో నష్టమేం లేదు.

వెళ్లాల్సిన చోటు మాత్రం మీరు చెప్పండి: ప్యారీస్ కార్నర్. మెట్రోలో హైకోర్టు స్టేషను దిగితే దగ్గర. మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టాడు. బారిస్టరై ఆ ఎర్రటి హైకోర్టు భవనంలో వాదించి పేరూ డబ్బూ గడించాడు. 1921లో ప్రాక్టీసు వదిలేసి ఉద్యమంలోకి దిగాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో అడుగుపెట్టిన రోజు మద్రాసులో హర్తాళ్ జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవం దగ్గరకు పోనివ్వకుండా తుపాకులు అడ్డుపెట్టిన చోట పంతులు గుండె చూపించాడు. పిల్లలు ఆ బొమ్మను పాఠ్యపుస్తకంలో చూసే ఉంటారు. ఆ రోడ్డు ఇప్పుడు బస్సులతో, తోపుడు బళ్లతో, కాగితాల కొట్లతో కిక్కిరిసి ఉంటుంది. ఆ జనం మధ్యలోనే నిలబడి, అది ఎక్కడ జరిగి ఉంటుందో వాళ్లను ఊహించమనండి. హైకోర్టు ఎటు, రేవు ఎటు, పోలీసులు ఎటు నుంచి వచ్చి ఉంటారు?

ఇంకా ఓపిక ఉంటే మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా 58 రోజులు ఆయన నిరాహారంగా ఉన్నది అక్కడున్న బులుసు సాంబమూర్తి ఇంట్లోనే. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల "ఒక మనిషి అన్నం మానేస్తే రాష్ట్రం ఎట్టా వస్తది నాన్నా?" అని అడుగుతుంది. తిరుగు రైలు మధ్యాహ్నం రెండు దాటాక. ఒంగోలు వచ్చేలోపు నాలుగైదు గంటల సమయం ఉంది. ఆ ప్రశ్నను హడావిడిగా ముగించకుండా రైల్లో తీరిగ్గా మాట్లాడండి, నాయనమ్మను కూడా మాట్లాడనివ్వండి. మద్రాసు మనదా వాళ్లదా అని ఊరూరా వాదించుకున్న రోజుల గురించి తన పెద్దవాళ్ల దగ్గర విన్నది ఆమెకు గుర్తుండొచ్చు.